పర్వతాలు చీలుతున్న చోట లాక్విలా

ఇటలీ నడిభాగంలో, రోమ్‌కు ఈశాన్యంగా, అపెనైన్ పర్వతాల మధ్య లోయలో లాక్విలా అనే చిన్న నగరం ఉంది. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరం అబ్రుజ్జో ప్రాంతానికి రాజధాని. దానికి సమీపంలోనే గ్రాన్ సాసో శిఖరం 2,912 మీటర్లకు లేచి కనిపిస్తుంది. లాక్విలా చరిత్రను భూగర్భ శాస్త్రం నుంచి విడదీసి చదవడం సాధ్యం కాదు. ఊరికి బతుకునిచ్చిన లోయా, ఊరిని పదేపదే కూల్చిన భూకంపాలూ ఒకే కదలిక నుంచి పుట్టాయి.

భూఫలకాల ఒత్తిడికి ముడుచుకుని పైకి లేచిన అపెనైన్ శ్రేణి నేడు తన మధ్యభాగంలో, అందుకు విరుద్ధంగా, అడ్డంగా సాగుతోంది. ఉపగ్రహ కొలతల ప్రకారం ఈ సాగుదల ఏడాదికి సుమారు 3 మిల్లీమీటర్లు. రాయి అంతగా సాగలేదు కనుక పగులుతుంది, పగులుకు ఒకవైపు నేల కిందికి జారుతుంది. అలా లక్షల ఏళ్లపాటు జారిన నేలే అటెర్నో నది పారే లోయగా మారింది. అందులో ఒకప్పుడు నిలిచిన సరస్సులు పొరలు పొరలుగా మెత్తని మట్టిని పరిచి వెళ్లాయి. గ్రాన్ సాసో సున్నపురాయి వాననూ కరిగిన మంచునూ ఇంకించుకుని, కొండ పాదాల దగ్గర ఊటలుగా వదులుతుంది. నీరు, సాగునేల, కొండల నడుమ దారి ఇక్కడ ఒకేచోట దొరికాయి.

13వ శతాబ్దం మధ్యలో చుట్టుపక్కల కోటగ్రామాల ప్రజలు కలిసి ఈ నగరాన్ని కట్టుకున్నారు. ఆ గ్రామాలు 99 అని స్థానిక ఐతిహ్యం చెబుతుంది. 1272లో మొదలైన 99 ధారల ఫౌంటెన్ ఆ నమ్మకానికి గుర్తుగా నేటికీ ఉంది. 1259లో సిసిలీ రాజు మాన్‌ఫ్రెడ్ నగరాన్ని నేలమట్టం చేయగా, కొన్నేళ్లకే అతని తర్వాత రాజైన అంజూ వంశపు చార్లెస్ దాని పునర్నిర్మాణానికి అనుమతించాడు. సంపద ప్రధానంగా ఉన్ని నుంచి, నవెల్లి పీఠభూమిలో పండే కుంకుమపువ్వు నుంచి వచ్చింది. వేసవిలో పర్వత పచ్చికల మీద మేసిన గొర్రెల మందలు శీతాకాలానికి ముందు సుమారు 244 కిలోమీటర్ల మందదారి వెంట దక్షిణాన ఉన్న ఫోజ్జా మైదానాలకు దిగేవి. ఎత్తైన పచ్చికకూ, వెచ్చని మైదానానికీ నడుమ శతాబ్దాలపాటు సాగిన ఈ రాకపోకలే లాక్విలాను మార్కెట్ నగరంగా నిలబెట్టాయని నా అభిప్రాయం. 1294లో పోప్ సెలెస్టీన్ 5కి ఇక్కడి కొల్లెమాజ్జో చర్చిలోనే పట్టాభిషేకం జరిగింది.

1349లో, 1461లో పెద్ద భూకంపాలు వచ్చాయి. 1703 ఫిబ్రవరి 2న వచ్చినది వేలమందిని బలిగొంది. ఆ తర్వాత మేస్త్రీలు రాతిగోడల లోపల చెక్క దూలాలు పొదిగి, వాటి చివర్లను ఇనుముతో బిగించి, ఎదురెదురు గోడలను ఒకదానికొకటి కట్టారు. అనుభవం నుంచి పుట్టిన ఈ పద్ధతి నిజమైన ఇంజనీరింగ్.

2009 ఏప్రిల్ 6 తెల్లవారుజామున 3:32కు 6.3 తీవ్రతతో మళ్లీ నేల కదిలింది. 309 మంది చనిపోయారు. పగనీకా గ్రామం పక్కగా సాగే భ్రంశం, అంటే నేలలోని పగులు, ఒక్కసారిగా జారడమే కారణం. ఆ పగులు రేఖ మీదుగా వెళ్లే పెద్ద నీటి గొట్టం కూడా పగిలిపోయింది. నది ఒండ్రుమట్టి మీద ఉన్న ఒన్నా అనే చిన్న గ్రామం దాదాపుగా కూలిపోయింది. పాత నగరమేమో గట్టి రాళ్లగుట్టల పొర మీద ఉంది, కానీ ఆ పొర కింద సరస్సు మట్టి ఉండడంతో నెమ్మదైన కంపనాలు అక్కడ పెరిగాయి.

భూకంపానికి ముందు కొన్ని నెలలుగా వస్తున్న చిన్న ప్రకంపనలపై నిపుణుల సమావేశం జరిగిన తీరు, ప్రజలకు లేనిపోని ధీమా ఇచ్చారన్న ఆరోపణతో కోర్టుకెక్కింది. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకూ ఒక అధికారికీ ఆరేళ్ల శిక్ష పడింది. 2014లో అప్పీలులో శాస్త్రవేత్తలంతా నిర్దోషులుగా తేలారు, అధికారి శిక్ష రెండేళ్లకు తగ్గింది. భూకంపం ఏ రోజు వస్తుందో చెప్పగల పద్ధతి లేదు కాబట్టి శాస్త్రవేత్తలను విడిచిపెట్టిన ఆ తీర్పు సరైనదే, అయినా ప్రజలకు ధీమా ఇచ్చేలా మాట్లాడడం మాత్రం తప్పే. ఏ వీధి కింద ఏ మట్టి ఉందో, అది కంపనాన్ని ఎంత పెంచుతుందో కొలవవచ్చు. 2009 తర్వాత పరిశోధకులు లాక్విలా పరిసరాలన్నింటికీ అలాంటి పటాలు తయారు చేశారు.