రాకెట్ వంగడం అంటే పడిపోవడం కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీహరికోట నుంచి ప్రయోగం జరిగిన ప్రతిసారీ, రాకెట్ నేల విడిచిన కొద్ది నిమిషాలకే మా ఇంట్లో ఫోన్ మోగేది. నెల్లూరులో మా అత్తగారు మిద్దె ఎక్కి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ నిప్పు చుక్క కంటికి ఆనినంతసేపూ చూసి, కిందికి దిగీ దిగగానే "ఏందమ్మా, మీ ఆయన రాకెట్టు సముద్రం దిక్కు ఒరిగిపోయిందే, ఏమన్నా అయిందా?" అని మా ఆవిడను అడిగేవారు. నేను విధుల్లో ఉండేవాడిని కాబట్టి సమాధానం చెప్పే బాధ్యత మా ఆవిడ మీదే పడేది. ఘన ఇంధన మోటార్ల తయారీలోనూ, పరీక్షల్లోనూ మూడు దశాబ్దాలు గడిపి పదవీ విరమణ చేసిన తర్వాత పాఠశాలలకూ కళాశాలలకూ వెళ్లి మాట్లాడుతున్నప్పుడు, మా అత్తగారి ప్రశ్నే వేరువేరు మాటల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. ఆమె ప్రశ్నలో ఆందోళన ఉంది, అందువల్ల ఆమె మీద నాకు ఎన్నడూ విసుగు కలగలేదు. రాకెట్ పని ఎత్తుకు పోవడమేనన్న, ఆ ప్రశ్న వెనుకనున్న అపోహను పెట్టుబడిగా మార్చుకున్నవారి విషయంలో మాత్రం నాకు అంత ఓపిక లేదు.

అపోహ: అంతరిక్షం అంటే ఎత్తు. తగినంత ఎత్తుకు చేర్చిన వస్తువు ఇక కింద పడదు, అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది.

ఈ నమ్మకం ఎంత ఖరీదైనదో కొన్నేళ్ల కిందట పల్నాడు నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఒక మిర్చి రైతు వల్ల నాకు తెలిసింది. ఆయన కుమార్తె చదివే పాఠశాలకు ఒక సంస్థవారు వచ్చి, పిల్లలు తయారుచేసిన ఉపగ్రహాన్ని అంతరిక్షంలోకి పంపిస్తామని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర ఇరవై ఐదు వేల రూపాయలు తీసుకున్నారు. ఆ పెట్టెను బెలూన్‌కు కట్టి ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అది కొన్ని గంటల్లోనే పారాచ్యూట్‌తో ఎవరి పొలంలోనో దిగింది. దిగిందన్న సంగతి తండ్రికి ఎవరూ చెప్పలేదు, చేతిలో ఒక ప్రశంసాపత్రం మాత్రం పెట్టారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "సార్, మా అమ్మాయి ఉపగ్రహం ఇప్పుడు ఏ దేశం మీద తిరుగుతోందో చూసుకునే వీలు ఏమైనా ఉందా?" బెలూన్ ప్రయోగాలు చులకన చేయదగినవి కావు. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా వాటితోనే గంభీరమైన శాస్త్ర పరిశోధన చేస్తోంది. అయితే అక్కడివారెవరూ తమ బెలూన్‌ను ఉపగ్రహం అని పిలవరు.

వాస్తవం ఏమిటంటే, కక్ష్యలో నిలవడం ఎత్తుకు సంబంధించిన విషయం కాదు, వేగానికి సంబంధించిన విషయం. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఒక స్తంభం కట్టి, దాని కొన మీద నుంచి ఒక అడుగు ముందుకు వేసిన మనిషి, అదే ఎత్తులో అంతరిక్ష కేంద్రం తిరుగుతూ ఉన్నప్పటికీ, తిన్నగా నేల మీదికే పడతాడు. ఆ ఎత్తులో భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో ఇంకా 89 శాతం వరకు ఉంటుంది. వ్యోమగాములు తేలియాడటానికి కారణం ఆకర్షణ లేకపోవడం కాదు, వారూ వారి నౌకా కలిసి ఎడతెగకుండా పడుతూ ఉండటం. జారవిడిచిన రాయి మొదటి సెకనులో సుమారు ఐదు మీటర్లు పడుతుంది, భూమి ఉపరితలం ప్రతి ఎనిమిది కిలోమీటర్లకు సుమారు ఐదు మీటర్లు కిందికి వంగుతుంది. కాబట్టి గాలి అడ్డు లేని చోట సెకనుకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పరుగెత్తే వస్తువు ఎంత పడినా నేల దానికి అందదు. కొండ మీద నుంచి తగినంత వేగంగా పేల్చిన ఫిరంగి గుండు నేల మీద పడకుండా భూమిని చుట్టి వస్తుందన్న ఉదాహరణతో న్యూటన్ మూడు శతాబ్దాల కిందటే ఈ మాట చెప్పి ఉన్నాడు.

ఈ తేడాను చరిత్ర ఎంత స్పష్టంగా చూపిస్తుందో రెండు ప్రయోగాలను పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. 1944 జూన్ 20న జర్మనీలోని పీనెముండే నుంచి నిటారుగా ప్రయోగించిన ఒక వి-2 రాకెట్ (రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన క్షిపణి) దాదాపు 175 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. మనిషి చేసిన వస్తువు వంద కిలోమీటర్ల హద్దు దాటి అంతరిక్షాన్ని తాకడం అదే మొదలు. (ఆ రాకెట్లను నిర్బంధ శిబిరాల్లోని ఖైదీల చేత కట్టించారని, ఆ శ్రమలో వేలమంది ప్రాణాలు పోయాయని చెప్పకుండా వి-2 ఘనత గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.) అది అంత ఎత్తుకు వెళ్లి, వెళ్లినట్టే తిరిగి కింద పడింది. ఇప్పుడు 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన రాకెట్ ఎల్‌వీఎం-3ని తీసుకోండి. దాని క్రయోజెనిక్ దశ (అతిశీతల ద్రవ ఇంధనంతో మండే చివరి భాగం) వెలిగినప్పుడు రాకెట్ ఎత్తు దాదాపు 176 కిలోమీటర్లు, సుమారు పదకొండు నిమిషాలు మండి ఆగినప్పుడు ఎత్తు దాదాపు 175 కిలోమీటర్లు. అంటే పదకొండు నిమిషాల పాటు ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ ధారగా ఖర్చయినా రాకెట్ ఎత్తు చివరికి ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు, పైపెచ్చు కొంచెం తగ్గింది. ఆ వ్యవధిలో పెరిగింది వేగం: సెకనుకు 4.6 కిలోమీటర్ల నుంచి 10.2 కిలోమీటర్లకు. డెబ్బై తొమ్మిదేళ్ల కిందట వి-2 తాకి వెనుదిరిగిన ఎత్తులోనే ఇంజిన్ ఆగింది, అయినా నౌక చంద్రుడి దాకా వెళ్లింది.

1961లోనూ ఈ తేడాయే కనిపించింది. ఏప్రిల్ 12న సోవియట్ వ్యోమగామి యూరీ గగారిన్ 108 నిమిషాల ప్రయాణంలో భూమిని చుట్టి వచ్చాడు, మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ 187 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరి పావుగంటలో అట్లాంటిక్ సముద్రంలో దిగాడు. ఇద్దరూ అంతరిక్షానికి వెళ్లినవారే, కాని షెపర్డ్ రాకెట్ ఇచ్చిన వేగం సెకనుకు 2.3 కిలోమీటర్లు మాత్రమే కాగా గగారిన్‌కు 7.8 దాకా అవసరమైంది. శక్తి వేగ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఈ వ్యత్యాసం అంకెల్లో కనిపించేదానికన్నా చాలా పెద్దది. ఒక కిలో బరువును 175 కిలోమీటర్ల ఎత్తుకు లేపడానికి అవసరమైన శక్తితో పోలిస్తే, అదే బరువుకు కక్ష్యావేగం ఇవ్వడానికి దాదాపు 18 రెట్ల శక్తి కావాలి. మన దేశంలో 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ (పైకి వెళ్లి తిరిగి పడిపోయే చిన్న పరిశోధన రాకెట్) ఎగిరింది, సొంత రాకెట్‌తో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది మాత్రం 1980 జూలై 18న. ఆ పదిహేడేళ్ల శ్రమను మా సీనియర్లు ఎత్తు కోసం పడలేదు.

అటువంటప్పుడు రాకెట్‌ను మొదట నిటారుగా ఎందుకు లేపుతారని పిల్లలు అడుగుతారు, అది మంచి ప్రశ్న. నేల దగ్గర గాలి చిక్కగా ఉంటుంది, ఆ గాలిలో అడ్డంగా వేగం పెంచబోతే ఇంధనం గాలితో పెనుగులాడటానికే ఖర్చవుతుంది, పొడవైన రాకెట్ శరీరం ఆ ఒత్తిడికి విరిగినా విరుగుతుంది. అందుకని చిక్కని గాలిని త్వరగా దాటడానికి పైకి లేచి, లేస్తూ లేస్తూనే నెమ్మదిగా ఒరుగుతూ, వేగాన్ని అడ్డంగా మళ్లిస్తారు. మా అత్తగారికి మిద్దె మీద నుంచి కనిపించిన ఒరుగుదల అదే. దూరం పెరిగేకొద్దీ భూమి గుండ్రదనం వల్ల రాకెట్ దిగంతం వైపు జారుతున్నట్టు కనిపిస్తుంది, అందువల్ల కంటికి అది పడిపోతున్నట్టే ఉంటుంది. శ్రీహరికోట తూర్పు తీరంలో ఉండటం వల్ల మరొక లాభం ఉంది: భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ప్రయోగ వేదిక మీద కదలకుండా నిలబడ్డ రాకెట్‌కే తూర్పు దిక్కుగా సెకనుకు 0.45 కిలోమీటర్ల వేగం ఉంటుంది. ధ్రువాల మీదుగా ఉత్తర దక్షిణాలుగా తిరిగే కక్ష్యలకు వెళ్లే మన మరో రాకెట్ పీఎస్‌ఎల్‌వీకి ఈ ఉచిత వేగం ఉపయోగపడదు, పైగా శ్రీలంక మీదుగా వెళ్లకుండా దారిలో మలుపు తిరగాలి. ఆ మలుపును చూసి "దారి తప్పింది" అని సందేశాలు పంపేవారు కొందరు ఉన్నారు. దయచేసి పంపకండి.

అపోహ: ఇంధనం ఎంత ఎక్కువ నింపితే రాకెట్ అంత దూరం పోతుంది.

ఎక్కువ నింపిన ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. రష్యాలోని కలూగాలో బడి పంతులుగా పనిచేస్తూ, చిన్నతనంలోనే వినికిడి చాలావరకు కోల్పోయిన త్సియొల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సమీకరణం ఈ చిక్కును అంకెల్లో పెట్టింది. వేగం కూడికగా పెరగాలంటే, బయలుదేరే బరువుకూ చివరికి మిగిలే బరువుకూ ఉన్న నిష్పత్తి గుణకారంగా పెరగాలి. వాయువులు నాజిల్ (రాకెట్ అడుగున వాయువులు చిమ్మే మూతి) నుంచి సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వెలువడతాయనుకుందాం. గాలి నిరోధాన్నీ, భూమి ఆకర్షణ మింగే భాగాన్నీ కలుపుకుని కక్ష్యకు సెకనుకు 9.4 కిలోమీటర్ల వరకు కావాలి. లెక్క వేస్తే, బయలుదేరే బరువు ఇంధనం అయిపోయాక మిగిలే బరువుకు 23 రెట్లు ఉండాలి. అంటే ట్యాంకులు, ఇంజిన్లు, తీగలు, ఉపగ్రహం, అన్నీ కలిపి ఆ ఇరవై మూడో వంతులోనే సర్దుకోవాలి. ఖాళీ అయిన భాగాన్ని దారిలోనే వదిలేసే దశల పద్ధతి లేకుండా ఇది సాధ్యం కావడం చాలా కష్టం. మన ఎస్‌ఎల్‌వీ-3 బరువు 17 టన్నులు, దశలు నాలుగు, అది 1980లో కక్ష్యకు చేర్చిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలు. దానికి ముందటి సంవత్సరం ఆగస్టు 10న ఇదే రాకెట్ మొదటి ప్రయోగంలో, రెండో దశ నియంత్రణ వ్యవస్థలోని ఒక వాల్వు లోపం వల్ల, 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడింది. ఇంధనం చాలక పడలేదు. నేను పనిచేసిన ఘన ఇంధన మోటార్లలోనైతే మరో సంగతి కూడా ఉంది. ద్రవ ఇంజిన్‌కు వాల్వు మూస్తే ఆగుతుంది, ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే పూర్తయ్యేదాకా మండవలసిందే, కాబట్టి మా జాగ్రత్త అంతా నిప్పు పెట్టకముందే.

అపోహ: రాకెట్ వెనుకనున్న గాలిని తన్నుకుని ముందుకు పోతుంది.

తారాజువ్వను చూసి ఇలా అనుకోవడం సహజమే. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ రాకెట్లు శూన్యంలోనూ పనిచేస్తాయని చెప్పినప్పుడు, ఆయనకు ఉన్నత పాఠశాల స్థాయి భౌతికశాస్త్రం కూడా తెలియదన్న ధోరణిలో న్యూయార్క్ టైమ్స్ 1920 జనవరి 13న సంపాదకీయం రాసింది. ఆయన 1926 మార్చి 16న అమెరికాలోని ఆబర్న్‌లో పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే మొదటి రాకెట్‌ను ఎగరేశాడు. అది రెండున్నర సెకన్లలో సుమారు 12 మీటర్లు లేచింది. పత్రిక తన పొరపాటును 1969 జూలై 17న, అపోలో-11 బయలుదేరిన మరునాడు, ఒప్పుకుంది. గొడార్డ్ అప్పటికి చనిపోయి 24 ఏళ్లు. రాకెట్ తన్నుకునేది తాను వెనక్కి విసిరే వాయువునే, వెలుపలి గాలి దానికి అడ్డమే తప్ప ఆసరా కాదు. ఒకే ఇంజిన్ నేల మీదకన్నా శూన్యంలో ఎక్కువ థ్రస్ట్ (తోపుడు బలం) ఇస్తుంది.

టిప్పు సుల్తాన్ రాకెట్‌ను కనిపెట్టాడన్నది కూడా తరచుగా వినిపించే మాట. రాకెట్ చైనాలో అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే ఉంది. మైసూరువారి గొప్పతనం తుపాకి మందును ఇనుప గొట్టంలో దట్టించడం, దానివల్ల ఎక్కువ ఒత్తిడి తట్టుకుని ఎక్కువ దూరం పోవడం. ఆ మాట చాలు, లేనిది కలపనక్కరలేదు.

అపోహ: సముద్రంలో రాకెట్ ముక్క దొరికిందంటే ప్రయోగం విఫలమైందన్నమాట.

మండిపోయిన దశలు సముద్రంలో పడేటట్టే దారి గీస్తారు. ప్రయోగానికి ముందు వేట మానుకోమని పులికాట్ చుట్టుపక్కల మత్స్యకారులకు హెచ్చరిక పంపేది అందుకే. ఆ రోజు కూలి పోతుందన్న వారి బాధను నేను కాదనలేను. 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్ హెడ్ తీరానికి ఒక పెద్ద గుండ్రని తొట్టె కొట్టుకొచ్చినప్పుడు, అది అంతకు రెండు మూడు రోజుల ముందు ఎగిరిన చంద్రయాన్ రాకెట్‌దేనని, ప్రయోగం చెడిందని మన ఫోన్లలో తెగ తిరిగింది. దాని మీద గుల్లలు పట్టి ఉన్నాయి, రెండు మూడు రోజుల్లో గుల్లలు పట్టవని సముద్రం ఎరిగిన ఏ మనిషిని అడిగినా చెబుతాడు. అది పీఎస్‌ఎల్‌వీ మూడో దశ మోటారు తొడుగు కావచ్చునని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ తరువాత ప్రకటించింది.

మీ వలకు అటువంటిది ఎప్పుడైనా తగిలితే మాత్రం పాత ఇనుముకు అమ్ముదామని ఒడ్డుకు లాగకండి. ద్రవ దశల్లో వాడే హైడ్రజీన్ జాతి ఇంధనాలు, నైట్రోజన్ టెట్రాక్సైడ్ చర్మానికీ ఊపిరితిత్తులకూ విషం, ట్యాంకు ఖాళీగా కనిపించినా అడుగున మిగిలి ఉండవచ్చు. దాన్ని ముట్టుకోకుండా, గాలి మీ మీదికి రాని వైపు దూరంగా జరిగి, దగ్గరలోని మెరైన్ పోలీస్ స్టేషన్‌కు చెప్పండి.