పాత ఇంట్లో పాతకాలం బట్టలతో: మా పని మీద అపోహలు - వాస్తవాలు

అమెరికా చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల్ని వాషింగ్టన్ తిప్పాక, ఓ వారాంతం వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌కి, 18వ శతాబ్దపు ఊరిని మ్యూజియంలా నిలబెట్టిన చోటికి కూడా తీసుకొస్తుంటారు మనవాళ్ళు. ఆ చుట్టుపక్కలే 18వ శతాబ్దపు ఓ ఇంట్లో వంటిల్లు చూపించే గైడుని నేను. తలకి తెల్ల కుచ్చుల టోపీ, చీలమండల దాకా లంగా, ముందు ఏప్రన్. నాకు తెలుగొచ్చని తెలిశాక ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఎక్కువగా వినేవి ఇవీ.

అపోహ: డైలాగులు బట్టీపట్టి అప్పజెబుతారు.

అలా చేస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతాం. మేం చదివేది స్క్రిప్టు కాదు, కాగితాలు: ఉత్తరాలు, పాత ‘వర్జీనియా గెజెట్’ పత్రికలోని ప్రకటనలు, అన్నిటికంటే ముఖ్యంగా ఆస్తి జాబితాలు. అప్పట్లో కలిగినవాళ్ళ ఇంటి పెద్ద పోతే ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసి ధర కట్టేవారు. రాగి గిన్నెలు, కుర్చీలు, పరుపులు రాసిన జాబితాలోనే మనుషుల పేర్లూ, వాళ్ళ ధరా ఉంటాయి. అమెరికా వలస రాజ్యాల ప్రతినిధుల సభ అయిన మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్‌కి అధ్యక్షుడైన పేటన్ రాండాల్ఫ్ 1775లో చనిపోయాక వేసిన జాబితాలో, విలియమ్స్‌బర్గ్ ఇంట్లోనే 27 మంది బానిసలు తేలారు. వాళ్ళలో ఈవ్ అనే ఆవిడ, బ్రిటన్ మీద తిరగబడ్డవాళ్ళ బానిసలు తమ సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తామని బ్రిటిష్ గవర్నర్ ప్రకటించాక, అటు పారిపోయింది. తర్వాత మళ్ళీ రాండాల్ఫ్ కుటుంబం చేతికే చిక్కింది. చివరికి యజమానురాలు ఆమెని అమ్మేసింది. ఇది తెలియకుండా ఆ ఇంటి భోజనాల గది గురించి మాట్లాడితే, మాట్లాడింది సగమే.

అపోహ: ఏం జరిగినా పాత్రలోంచి బయటికి రారు.

అది చోటుని బట్టి. ‘నేను ఫలానా’ అంటూ ఆ మనిషిలాగే మాట్లాడేది ఒక పద్ధతి. బట్టలు అప్పటివే వేసుకుని, ఇప్పటి మనిషిలా ‘వాళ్ళు ఇలా చేసేవారు’ అని చెప్పేది ఇంకోటి. నాది రెండోది. మసాచుసెట్స్‌లోని ప్లిమత్ పటుక్సెట్ మ్యూజియంలో రెండూ కనిపిస్తాయి: ఇంగ్లిష్ పల్లెలో 1620ల మనుషులు ఎదురుపడతారు, వాంపనోగ్ వాడలో మాత్రం స్థానిక జాతులవాళ్ళు సంప్రదాయ దుస్తుల్లో ఉండి, ఈ కాలపు మనుషులుగానే మాట్లాడతారు. మా పెద్దవాళ్ళకి నేను పగటివేషాలు గుర్తుచేస్తాను. వేషం వేసుకుని జనం మధ్యకొచ్చి, ఎవరేమడిగినా అక్కడికక్కడే జవాబివ్వాలి. తేడా ఏంటంటే పగటివేషగాడు చమత్కారం కోసం ఏదైనా కల్పించొచ్చు, మాకు ఆ వీల్లేదు. ఏ పద్ధతైనా, ఎవరైనా కళ్ళు తిరిగి పడితే 1770 పక్కనపెట్టి ఫోన్ తీస్తాం.

అపోహ: ఇన్ని పొరల్లో ఉడికిపోతారు, నడుం బిగించుకుని మూర్ఛపోతారు.

“ఈ ఎండలో ఇదేం ఖర్మమ్మా?” అని ఒక్క అత్తయ్య అయినా అనని జులై లేదు. అన్నిటికంటే లోపల మోకాళ్ళు దాటే వదులైన లినెన్ షిఫ్ట్, అంటే అవిసె నారతో నేసిన లోచొక్కా. చెమట అదే పీల్చుకుంటుంది, రోజూ ఉతకాల్సింది అదే. దాని మీద స్టేస్: తాళ్ళతో బిగించుకునే గట్టి రవికలాంటిది. అప్పట్లో అందులో తిమింగలం నోట్లోని దబ్బలు పెట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పుల్లలు. సరిగ్గా కొలతకి కుట్టిందైతే ఊపిరాడకపోవడం ఉండదు. ఇనప కుండ ఎత్తేటప్పుడు వీపుకి ఆసరా కూడా. గౌనుకి ముందు బొత్తాలుండవు, గుండుసూదులతో స్టేస్‌కే గుచ్చుకుంటాం. జేబులు వేరే సంచుల్లా నడుముకి కట్టుకుంటాం, లంగా పక్కన చీలికలోంచి చెయ్యి పెట్టాలి. టెన్షనంతా నీళ్ళు తాగడం మర్చిపోతామేమోననే.

నా పువ్వుల గౌను చూసి “ఇది మన కలంకారీలా ఉందే” అంటారు కొందరు. తప్పేం లేదు. ఆ రకం అద్దకం బట్టలు కోరమండల్ తీరం నుంచి, మన మచిలీపట్నం వైపు నుంచీ ఓడలెక్కాయి. వాటికి తట్టుకోలేక ఇంగ్లండు నేతగాళ్ళు గొడవ చేస్తే, అక్కడ వాటిని తొడగడాన్నే 1721లో నిషేధించారు. వర్జీనియా లాంటి వలస రాజ్యాలకి పంపడానికి మాత్రం అడ్డు లేదు. అంటే లండన్‌లో తొడిగితే నేరమైన గుడ్డ వర్జీనియాలో దర్జా!

అపోహ: లంగాలకి నిప్పంటుకునే ఆడవాళ్ళు ఎక్కువగా చనిపోయేవారు.

ఇది గైడ్లే పుట్టించి పెంచిన కథ. ప్రసవం తర్వాత రెండో పెద్ద కారణం ఇదేనని చెబుతూ వచ్చారు. చంపింది రోగాలు: మలేరియా, విరేచనాలు, మశూచి. లినెన్, ఉన్ని భగ్గున మండవు, కమురుతాయి. నా లంగా అంచున ఆ మచ్చలున్నాయి.

అపోహ: అప్పటివాళ్ళు పొట్టి, అందుకే మంచాలు చిన్నవి.

టేపు పెట్టి కొలవండి. ఎత్తైన స్తంభాలు, పందిరి వల్ల అలా కనిపిస్తాయంతే. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన అమెరికన్ సైనికుల సగటు ఎత్తు దాదాపు 5 అడుగుల 8 అంగుళాలు.

అపోహ: ఇదంతా దొరల వైభవం, సరదా కాలక్షేపం.

చాలాకాలం అలాగే చూపించారు. అమెరికా స్వాతంత్ర్య విప్లవం నాటికి విలియమ్స్‌బర్గ్ జనాభాలో సగానికి పైగా నల్లజాతివాళ్ళే, అయినా 1979లో గానీ వాళ్ళ జీవితాలని నల్లజాతి కళాకారుల నోట చెప్పించడం మొదలుకాలేదు. 1994 అక్టోబరులో బానిసల వేలాన్ని వీధిలో ప్రదర్శించబోతే పౌరహక్కుల సంఘాలు అడ్డుకోబోయాయి. నల్లజాతి చరిత్ర చెప్పే విభాగాన్ని నడిపిన క్రిస్టీ కోల్‌మన్ తానే ఒక పాత్ర వేశారు. చూశాక వ్యతిరేకించిన నాయకుల్లో ఒకరు మనసు మార్చుకున్నారు. నా ఉద్దేశంలో ఈ రంగంలో అందరికంటే కష్టం బానిసల పాత్రలు వేసే కళాకారులదే. “మీ యజమాని మంచివాడేనా?” అని నవ్వుతూ అడిగే సందర్శకుడికి కూడా ఓపిగ్గా జవాబు చెప్పాలి. మా కష్టం ఎండతో, వాళ్ళ కష్టం మనుషులతో.

అపోహ: ఇళ్ళన్నీ అసలైనవే.

విలియమ్స్‌బర్గ్‌లో 89 భవనాలు అసలువి. గవర్నర్ ప్యాలెస్ మాత్రం 1781లో కాలిపోయింది. తవ్వకాల్లో దొరికిన పునాదులు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ గీసిన ప్లాను, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో బయటపడ్డ రాగి పలక మీది బొమ్మ ఆధారంగా మళ్ళీ కట్టి 1934లో తెరిచారు. అడిగితే ఏ గైడైనా చెప్పాలి.

అపోహ: వండింది పెట్టరు, పిసినారులు.

ఆరోగ్య శాఖ నిబంధనలు ఒప్పుకోవు. ఆకలేస్తే ఊళ్ళో పాతకాలం తరహా టావెర్న్‌లు, అంటే భోజనశాలలున్నాయి. శాకాహారులైతే ముందే మెనూ చూసుకుని వెళ్ళండి.