ముసుగు కారు ఎప్పుడొస్తుంది?

చిరంజీవులు బుజ్జిగాడికి, చిట్టితల్లికి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న బుజ్జిగాడు ఫోన్లో పంపిన ఫోటో చూశాను. కొత్తగా మార్చిన స్పోర్ట్స్ కారట, ఒంటినిండా నల్లవీ తెల్లవీ సుడులు. "తాతయ్యా, రోడ్డు మీద నడుస్తోంది కదా, మరి అమ్మరెందుకు? ఆ ముసుగేంటి? ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది?" అని ఒక్క ఊపిరిలో అడిగేశాడు. ఫోన్లో చెప్పడం మొదలుపెడితే మీరిద్దరూ సగంలోనే ఇంకో వీడియోలోకి వెళ్ళిపోతారు. అందుకే ఉత్తరం.

మన పెరట్లో పనసచెట్టు తెలుసుగా. మా చిన్నప్పుడు కాయలు ఊరడం మొదలవగానే మా నాయనమ్మ కిందివాటికి గోనెపట్టాలు చుట్టేసేది. నక్కల భయం, ఉడతల భయం, అంతకు మించి మా భయం. కారుకి ముసుగూ అందుకే. ఇక్కడ నక్కలంటే పోటీ కంపెనీలు, ఉడతలంటే చెట్లచాటున కెమెరాలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ సుడులు ఊరికే వెయ్యరు. వాటిని చూస్తుంటే కన్ను తికమకపడి, తలుపు ఎక్కడ వంగిందో, గీత ఎక్కడ విరిగిందో పట్టుకోలేదు. వాటి కింద స్పాంజి ముక్కలు, ప్లాస్టిక్ రేకులు పెట్టి లేని ఎత్తుపల్లాలు కూడా తెస్తారు.

అంత భయమైతే ఇంట్లోనే దాచుకోవచ్చు కదా అంటావేమో. కాయ చెట్టు మీద ఊరాలిరా, ఎండా వానా తగలాలి. కారూ అంతే. స్వీడన్‌లో ఆర్యెప్లోగ్ అనే ఊరి దగ్గర గడ్డకట్టిన చెరువుల మీద నడిపి బ్రేకులు పరీక్షిస్తారు. అమెరికాలో డెత్ వ్యాలీ అనే చోట 50 డిగ్రీల ఎండలో తిప్పి ఏసీ పనిచేస్తుందో లేదో చూస్తారు. ఒడిశాలో ఎండలకి పేరుపడ్డ మన టిట్లాగఢ్ కూడా దాని ముందు దిగదుడుపే. జర్మనీలో నూర్బుర్గ్‌రింగ్ అని కొండల మధ్య 20 కిలోమీటర్లు దాటిన మలుపుల దారి ఉంది, అక్కడ చక్కర్లు కొట్టిస్తారు. ఇవన్నీ ఆరుబయట చెయ్యాల్సిన పనులే. అందుకే దొరికిపోతారు.

పండేదెప్పుడో చెప్పడం అసలు విద్య. పర్లాకిమిడి సంతకి కొండ దిగి పనసకాయలు తెచ్చే సవర ఆడవాళ్ళు ఉండేవారు. ఒకావిడ వేలి కణుపుతో కాయ మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆన్చి, "ఈరోజు కాదు, ఎల్లుండి" అనేది. ముళ్ళు దగ్గర దగ్గరగా, మొనదేలి ఉంటే పచ్చిది. ఎడం జరిగి, మొనలు మొద్దుబారి, తొడిమ దగ్గరి ఆకు పసుపెక్కి, కొడితే బొద్దుగా పలికితే దగ్గరపడ్డట్టు. ఓసారి ఆవిడ ఎల్లుండి అన్న కాయని నాన్నా నేనూ టెక్కలిలో అత్తయ్య గారింటికి పట్టుకెళ్ళాం. అప్పుడు మన ఊరికి చిన్న రైలు ఉండేది. మహారాజా వారు వేయించిన నౌపడా లైను, 1900లో మొదలైంది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఎంత నెమ్మదంటే, పెద్ద కుర్రాళ్ళు దిగి పక్కన పరుగెత్తి మళ్ళీ ఎక్కేవారు. నాన్న నన్ను దిగనిచ్చేవారు కాదు, కాయ నా ఒళ్ళో ఉండేది. ఎల్లుండికి అత్తయ్య ఇల్లంతా వాసన. ఆవిడ లెక్క తప్పలేదు.

కారుకీ అలాంటి గుర్తులే. మొదట కొత్త ఇంజను పాత బండి ఒంట్లో పెట్టి తిప్పుతారు. దాన్ని మ్యూల్ అంటారు. (పనసతొనలు తీసి పక్క కాయలో పెట్టలేం కాబట్టి ఇక్కడ నా పోలిక కాస్త కుంటుతుంది, సర్దుకోండి.) తర్వాత సొంత ఒళ్ళు వస్తుంది, ముసుగు దట్టంగా ఉంటుంది, దీపాలు మాత్రం తాత్కాలికంగా అతికించినవి. ఆ దీపాలు పోయి అసలు దీపాలు కనిపించాయంటే ముళ్ళు ఎడం జరిగినట్టే. ఆపైన స్పాంజి పోయి పల్చటి స్టిక్కరు మిగిలితే తొడిమ ఆకు పసుపెక్కింది.

అమెరికా వాళ్ళ కార్వెట్ అని ఒక స్పోర్ట్స్ కారుంది. 1953లో పుట్టింది. అప్పటి నుంచి 2019 దాకా అమ్మినవాటన్నిటికీ ఇంజను ముందువైపే ఉండేది. దాన్ని డ్రైవరు వెనక్కి తేవాలని జోరా ఆర్కుస్ డంటోవ్ అనే ఇంజనీరు 1960 ప్రాంతం నుంచే తాపత్రయపడ్డాడు. ఆయన 1996లో పోయాడు. ఆ పని జరిగింది 2019లో. దాని మ్యూల్ ఆస్ట్రేలియా హోల్డెన్ పికప్ బండి ఆకారంలో తిరిగింది. 2019 ఏప్రిల్లో కంపెనీ పెద్ద మేరీ బర్రా, ముసుగు తియ్యని కారులోనే న్యూయార్క్ వీధుల్లో కనిపించారు. తలుపు మీద 07.18.19 అని రాసి ఉంది. పద్దెనిమిదో నెల ఎక్కడిదని కంగారుపడకు చిట్టితల్లీ, అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు. చెప్పినట్టే జూలై 18న ముసుగు తీశారు.

బుజ్జీ, అసలు మెలిక ఇక్కడుంది. చూపించిన రోజు వేరు, చేతికొచ్చే రోజు వేరు. ఆ ఏడు చివర్లో తయారీ మొదలు కావాలి. సెప్టెంబరులో కార్మికులు సమ్మెకి దిగారు, 40 రోజులు నడిచింది. తయారీ 2020 ఫిబ్రవరిలో మొదలైంది. మార్చిలో కరోనా వచ్చి ఫ్యాక్టరీ మళ్ళీ మూతపడింది. సవర ఆవిడ కూడా "వాన పడకపోతే" అని ఒక మాట కలిపే చెప్పేది. కాబట్టి ఎవరైనా ఫలానా తేదీకే వస్తుందని ఢంకా బజాయిస్తే నమ్మెయ్యకండి, టెన్షనూ పడకండి. ఆత్రపడి కాయని ముందే కోసేస్తే తొనలు రావు. పొట్టు కూర మాత్రం వస్తుంది, అది కూడా బాగానే ఉంటుందనుకోండి, ఆవపెట్టి వండితే.

మన దేశం కంపెనీలూ ఇలా ముసుగు బళ్ళు రోడ్డు మీద తిప్పుతాయి. ఈసారి ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వెళ్ళేటప్పుడు కిటికీ సీటు పట్టుకోండి. సుడుల బండి, ఎర్ర నంబరు ప్లేటు కనిపిస్తే ఫోను తియ్యకండి, అది తీసేలోపు బండి దాటిపోతుంది. ముందు దీపాలు చూడండి, అతికించినవా, అసలువా అని. తర్వాత ముసుగు మందం. నోటుపుస్తకంలో ఇద్దరూ విడివిడిగా బొమ్మ గీసి నాకు పంపండి, ఒకళ్ళది చూసి ఒకళ్ళు వెయ్యకూడదు. ఎన్ని నెలల్లో వస్తుందో కింద మీ లెక్క కూడా రాయండి.

మీ తాతయ్య,
పర్లాకిమిడి