ఎదురింటి కుర్రాడు కొట్టిన 72

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. పేరున్న ఆటగాళ్లను ఒక మామూలు కుర్రాడు ఒక్కరోజు ఓడిస్తే అది అదృష్టం కాక మరేమిటని మొన్న ఫోన్‌లో వాదించారు కదా. ఫోన్‌లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను. నాకు ఎంతో ఇష్టమైన ఒక గోల్ఫ్ పోటీ సంగతి చెప్తాను, వినండి.

ముందు ఆట లెక్క తెలియాలి. కర్రతో బంతిని కొట్టుకుంటూ వెళ్లి గుంటలో వెయ్యాలి. ఆ గుంటను హోల్ అంటారు. 18 హోల్స్ పూర్తయితే ఒక రౌండ్. క్రికెట్‌కు ఇది పూర్తిగా తలకిందులు. ఎంత తక్కువ షాట్లలో ముగిస్తే అంత గొప్ప. ప్రతి హోల్‌కూ ఇన్ని షాట్లు పట్టాలని ఒక లెక్క ఉంటుంది, అది పార్. దానికన్నా ఒకటి తగ్గిస్తే బర్డీ.

అమెరికాలో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్ అనే ఊళ్లో ద కంట్రీ క్లబ్ ఉంది. దాని 17వ హోల్‌కు రోడ్డు అవతలే ఫ్రాన్సిస్ విమెట్ ఇల్లు. ఉన్నవాళ్లు కారు. బడికి వెళ్తూ ఆ మైదానం మీదుగా నడిచేవాడు, ఎవరో పోగొట్టుకున్న బంతులు ఏరుకునేవాడు. అన్నదమ్ములిద్దరూ ఇంటి వెనక ఖాళీ స్థలంలో రేకు డబ్బాలు పాతి ఆడుకునేవారు. 11 ఏళ్లకే క్లబ్బులో కాడీ అయ్యాడు, అంటే ఆడేవాళ్ల కర్రల సంచి మోసే పని. 1913లో అక్కడే యూఎస్ ఓపెన్ జరిగింది. అప్పటికి అతనికి 20 ఏళ్లు, ఆట సామాన్ల కొట్లో ఉద్యోగం. అమెచ్యూర్ కాబట్టి గెలిచినా డబ్బు తీసుకోకూడదు.

ఎదురుగా ఉన్నదెవరో తెలుసా? బ్రిటిష్ ఓపెన్‌ను అప్పటికే ఐదుసార్లు గెలిచిన హ్యారీ వార్డన్. 1912లో అదే పోటీ గెలిచిన టెడ్ రే. నాలుగు రౌండ్లలో విమెట్ 77, 74, 74, 79 కొట్టాడు. మొత్తం 304. ఆ ఇద్దరివీ సరిగ్గా 304 అయ్యాయి. ఆఖరి రౌండ్‌లో వాన కురిసి నేలంతా బురదైంది. ఆ రౌండ్‌లో ముగ్గురూ 79 కొట్టారు. 17వ హోల్ దగ్గర విమెట్ ఆఖరి షాట్ కొడుతుంటే పక్క రోడ్డు మీద కార్లు ఆగిపోయి హారన్లు మోగుతున్నాయి. అతను తల ఎత్తలేదు. బంతి లోపల పడింది, బర్డీ! అదే పడకపోతే అతనికి మర్నాటి ఆటే లేదు.

మర్నాడు, సెప్టెంబరు 20న, ముగ్గురికీ మళ్లీ 18 హోల్స్. విమెట్ సంచి మోసింది 10 ఏళ్ల ఎడ్డీ లోరీ. ఆ సంచి దాదాపు వాడంత ఉంది. ఇంత పెద్ద పోటీకి పిల్లాడెందుకు, నేను మోస్తానని ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. ఎడ్డీ కళ్లలో నీళ్లు తిరిగాయి. విమెట్ వాడినే ఉంచుకున్నాడు. బంతి మీంచి చూపు తిప్పవద్దని ఆ పిల్లాడు ప్రతి షాట్‌కూ చెప్పేవాడట. ఈ కథలో నాకు అందరికన్నా నచ్చినవాడు ఎడ్డీయే.

తొమ్మిది హోల్స్ అయ్యేసరికి ముగ్గురూ 38. అక్కడి నుంచి విమెట్ ముందుకెళ్లాడు. 17వ హోల్ దగ్గరికొచ్చేసరికి వార్డన్ ఒకే ఒక్క షాట్ వెనకున్నాడు. ఎలాగైనా అందుకోవాలని, వంపు తిరిగే ఆ హోల్ దారిలో మలుపు మూలను అడ్డంగా దాటేలా కొట్టాడు. బంతి వెళ్లి ఇసుకగుంటలో పడింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న మైదానంలో విమెట్ ఆ తొందర పడలేదు. మామూలుగా కొట్టి, మళ్లీ అదే హోల్‌లో బర్డీ చేశాడు. చివరికి విమెట్ 72, వార్డన్ 77, రే 78. అమెచ్యూర్ ఒకడు యూఎస్ ఓపెన్ గెలవడం అదే మొదటిసారి.

ఐదు రౌండ్లలోనూ అతనికి అన్నిటికన్నా మంచి స్కోరు ఆ 72, అదీ అందరికన్నా ఎక్కువ టెన్షన్ ఉన్న రోజున. ఆ రోజు ఏ ఒక్క హోల్‌లోనూ 5 షాట్లు దాటలేదు. నన్నడిగితే ఆ రౌండ్ గొప్పతనమంతా అక్కడే ఉంది. ఒక బంతి అదృష్టం కొద్దీ గుంటలో పడొచ్చు, 18 హోల్స్‌లో ఒక్కటీ చెడకపోవడాన్ని అదృష్టమంటే నేను ఒప్పుకోను.

తర్వాత 1914లోనూ, మళ్లీ 1931లోనూ విమెట్ యూఎస్ అమెచ్యూర్ అనే పోటీ గెలిచాడు. కాడీలుగా పనిచేసే పిల్లల చదువుల కోసం 1949లో అతని పేరుతో ఒక నిధి పెట్టారు. ఇప్పటికీ దాంట్లోంచి స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు.

మీ వాదన ఏమైనా మిగిలి ఉంటే జవాబు రాయండి. అమ్మానాన్నలను అడిగానని చెప్పండి.

ప్రేమతో,
మీ తాతయ్య