డెంపో దిగిపోయింది, భారత్ ఎఫ్‌సీ మిగిలింది: కింది లీగ్‌లో జట్టు పెట్టడం ఎందుకింత భారమైంది?

దేశంలో రెండో అంచె ఫుట్‌బాల్ లీగ్‌లో కొత్తగా జట్టు పెట్టాలంటే ఎంత కావాలి, పెట్టినవాళ్లకు పైకి వెళ్లే దారి నిజంగా ఉందా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్ఎఫ్, కొత్త నియమావళిని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 19న ఆమోదించింది. అగ్రశ్రేణి లీగ్‌లో ప్రమోషన్, రెలిగేషన్, అంటే కింద గెలిచిన జట్టు పైకి రావడం, పైన ఆఖరున నిలిచిన జట్టు కిందికి దిగడం, ఉండి తీరాలని అందులో ఉంది. 2014 నుంచి ఒక్కసారి కూడా రెలిగేషన్ ముఖం చూడని పై అంచె ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్ఎల్, యజమానులకు ఇది పెద్ద టెన్షన్. కింద రెండో అంచె ఐ-లీగ్‌లో ఏళ్ల తరబడి డబ్బు పోసిన క్లబ్బులకు ఇదొక్కటే ఆశ.

ఒకప్పటి భారత జట్టు కోచ్ రహీమ్ సాబ్ శిక్షణ, హైదరాబాద్ సిటీ పోలీస్ వైభవం, 1996లో నేషనల్ లీగ్ పుట్టుక, 2007లో అది ఐ-లీగ్‌గా మారడం... ఇవన్నీ ఎన్నోసార్లు రాసుకున్నవే. ఈ గొడవ అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2015 మే నెల చాలు.

అప్పటికింకా దేశంలో పై అంచెగా ఉన్న ఐ-లీగ్ 2014-15 సీజన్ ఆ నెలాఖరుకు ముగిసింది. మొత్తం 11 జట్లు. టైటిల్ మోహన్ బగాన్‌ది. పట్టిక అడుగున పుణెకి చెందిన భారత్ ఎఫ్‌సీ నిలిచింది. కల్యాణి గ్రూపు పెట్టిన ఈ జట్టుకు అదే మొదటి సీజన్. దానికి ఒక్క మెట్టు పైన గోవా క్లబ్ డెంపో ఉంది. డెంపో అంటే మామూలు జట్టు కాదు. నేషనల్ లీగ్ రోజుల్లో రెండు, ఐ-లీగ్‌లో మూడు, మొత్తం ఐదుసార్లు దేశ విజేత. 2008లో ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది.

కిందికి దిగింది డెంపో. ఆఖరి స్థానంలో ఉన్న భారత్ ఎఫ్‌సీ అక్కడే ఉండిపోయింది.

కారణం బిడ్ నిబంధనల్లో ఉంది. కార్పొరేట్ సంస్థలు ఐ-లీగ్‌కు కిందనున్న రెండో డివిజన్‌లో ఆడి గెలవనవసరం లేకుండా, బిడ్ వేసి నేరుగా ఐ-లీగ్‌లోకి రావచ్చని ఏఐఎఫ్ఎఫ్ వీలు కల్పించింది. అలా వచ్చినవాళ్లకు మొదటి కొన్నేళ్లు రెలిగేషన్ వర్తించదని హామీ ఇచ్చింది. భారత్ ఎఫ్‌సీకి ఆ రక్షణ ఉంది. డెంపో దగ్గర ఐదు ట్రోఫీలున్నాయి కానీ ఆ కాగితం లేదు. ఇంత చేసినా, కొన్ని నెలలు తిరగకుండానే భారత్ ఎఫ్‌సీని మూసేశారు. అదే సీజన్ తర్వాత పుణె ఎఫ్‌సీ పోయింది. మూడో స్థానంలో నిలిచిన షిల్లాంగ్ జట్టు రాయల్ వాహింగ్‌డో కూడా తప్పుకుంది.

ఈ ఒక్క సీజన్‌ను సరిగ్గా చూస్తే ఆ తర్వాతి పదేళ్లు అర్థమవుతాయి. ఆట ఫలితం ఒకటి చెబితే బిడ్ కాగితం ఇంకొకటి చెప్పింది, కాగితమే నెగ్గింది. జట్టు పెట్టే ఖర్చు అసలు అక్కడే మారిపోయింది. అంతకుముందు క్లబ్ పెట్టేవాడు ఆటగాళ్లకు, కోచ్‌కు, గ్రౌండ్‌కు డబ్బు పెట్టేవాడు. ఆ తర్వాత లీగ్‌లో చోటు అనే వస్తువుకు విడిగా డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆ చోటు ఎన్నాళ్లుంటుందో, ఎటు దారి తీస్తుందో మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

ఏఐఎఫ్ఎఫ్ వాదన కూడా చెప్పాలి. 2010లో మహీంద్రా యునైటెడ్, 2011లో తొలి నేషనల్ లీగ్ విజేత జేసీటీ మూతపడ్డాయి. పాత క్లబ్బులు ఒక్కొక్కటే రాలిపోతుంటే కొత్త డబ్బు రావాలి కదా, మొదటి ఏడాదే దిగిపోయే ప్రమాదముంటే ఏ కంపెనీ వస్తుంది అన్నది వాళ్ల ప్రశ్న. దానికి మంచి ఉదాహరణ కూడా ఉంది. జేఎస్‌డబ్ల్యూ 2013లో ఇలాగే పెట్టిన బెంగళూరు ఎఫ్‌సీ తొలి సీజన్‌లోనే లీగ్ గెలిచింది. అయితే ఆ జట్టు 2017లో ఐ-లీగ్ వదిలి ఐఎస్ఎల్‌కు వెళ్లిపోయింది. ఐ-లీగ్ తయారుచేసుకున్న అత్యుత్తమ పెట్టుబడిదారు కూడా నిలవలేదంటే లోపం ఎక్కడుందో ఏఐఎఫ్ఎఫ్ అప్పుడే వెతుక్కోవాల్సింది.

అసలు ఐ-లీగ్ కింది లీగ్‌గా ఎలా మారింది? దీనికి మాత్రం 2010 డిసెంబర్‌కు వెళ్లాలి. ఏఐఎఫ్ఎఫ్ తన వాణిజ్య హక్కులన్నీ 15 ఏళ్లకు, 700 కోట్ల రూపాయలకు ఐఎంజీ-రిలయన్స్‌కు ఇచ్చేసింది. కొత్త లీగ్ పెట్టుకునే హక్కు అందులో భాగం. ఐ-లీగ్ క్లబ్బులు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. 2013లో కొత్త లీగ్‌కు తమ ఆటగాళ్లను ఇవ్వబోమని మొండికేశాయి కూడా. చివరికి 2014లో 8 జట్లతో ఐఎస్ఎల్ మొదలైంది. 2016లో ఏఐఎఫ్ఎఫ్ తెచ్చిన ప్రణాళికలో ఐఎస్ఎల్ పైన, ఐ-లీగ్ దాని కింద ఉన్నాయి. రెండో డివిజన్ గెలిచి అప్పుడే తిరిగొచ్చిన డెంపో, దాంతో పాటు సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ గోవా, మూడూ నిరసనగా ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి. మైదానంలో కష్టపడి పైకొస్తే ఆ పైమెట్టే కిందికి జరిగిపోతుందంటే ఏ క్లబ్ అయినా అదే చేస్తుంది. డెంపో మళ్లీ ఐ-లీగ్‌లో కనిపించింది 2024-25లో.

2019 అక్టోబర్‌లో ఆసియా సమాఖ్య ఏఎఫ్‌సీ ఒక రోడ్‌మ్యాప్‌ను ఆమోదించింది. 2022-23 నుంచి ఐ-లీగ్ విజేత ఫ్రాంచైజీ ఫీజు కట్టకుండా ఐఎస్ఎల్‌కు వెళ్లొచ్చు. 2024-25కల్లా రెండు లీగ్‌ల మధ్య పూర్తి స్థాయిలో ప్రమోషన్, రెలిగేషన్ రావాలి. ఫీజు లేదన్న మాట చిన్నది కాదు. ఐఎస్ఎల్ ఫ్రాంచైజీలు ఏటా కట్టింది 10 కోట్ల పైమాటే. ఆ భారం లేకుండా పైకి వెళ్లే దారి తెరుచుకుందనగానే ఐ-లీగ్ మీద కొత్తవాళ్ల కన్ను పడింది.

అయితే ఆ మధ్య కాలంలో గెలిచినవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. గోకులం కేరళ 2020-21లో, 2021-22లో వరసగా రెండుసార్లు ఐ-లీగ్ గెలిచింది. ఐ-లీగ్ టైటిల్ నిలబెట్టుకున్న మొదటి క్లబ్ అది. రోడ్‌మ్యాప్‌లో తేదీ రాలేదు కాబట్టి రెండుసార్లూ అక్కడే ఉండిపోయింది. తర్వాతి ఏడాది గెలిచిన పంజాబ్ జట్టు పైకి వెళ్లింది, 2023-24లో మహమ్మడన్ స్పోర్టింగ్ వెళ్లింది. గోకులం ఇప్పటికీ కిందే ఉంది.

మన హైదరాబాద్ కథ ఇక్కడే మొదలవుతుంది. 2020 ఆగస్టులో ఏఐఎఫ్ఎఫ్ రెండు కొత్త బిడ్లను ఒప్పుకుంది. ఢిల్లీ నుంచి సుదేవా, విశాఖపట్నం పేరు మీద శ్రీనిధి. విశాఖ పేరుతో వచ్చినా శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ సొంత మైదానం హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనా. 2021-22లో ఆడిన తొలి సీజన్‌లోనే మూడో స్థానం. తర్వాత వరసగా రెండేళ్లు రెండో స్థానం. సుదేవా దారి ఇంకోటి: 2022-23 ముగిసేసరికి దిగిపోయింది.

ఇలాంటి జట్టుకు ఖర్చు ఎక్కడవుతుందో బయటివాళ్లకు అంతగా తెలియదు. బిడ్ కోసం కట్టే డబ్బు అందులో చిన్న భాగం. క్లబ్ లైసెన్స్ దక్కాలంటే ఐదు విభాగాల్లో పాస్ కావాలి: ఆట, మౌలిక వసతులు, సిబ్బంది, చట్టపరమైనవి, ఆర్థికం. ఆట అంటే సీనియర్ జట్టు ఒక్కటే సరిపోదు, పిల్లల జట్లు నడపాలి. సిబ్బంది అంటే లైసెన్స్ ఉన్న కోచ్‌లు, ఫిజియో, డాక్టర్, మీడియా అధికారి, సెక్యూరిటీ అధికారి. ఆర్థికం అంటే ఆడిట్ అయిన లెక్కలు, ఆటగాళ్లకు బకాయి లేదన్న రుజువు. సొంత గ్రౌండ్ లేకపోతే అద్దె, గడ్డి, ఫ్లడ్‌లైట్లు. విదేశీ ఆటగాళ్ల జీతాలు వీటన్నిటికీ అదనం.

ఇక ప్రయాణాలు. హైదరాబాద్ జట్టు ఐజోల్‌లో ఒక్క మ్యాచ్ ఆడాలనుకోండి. ఆటగాళ్లు, కోచ్‌లు, సిబ్బంది కలిపి ముప్పై మంది దాకా ఉంటారు. కోల్‌కతా మీదుగానో గువాహటి మీదుగానో విమానం మారి లెంగ్‌పుయ్ చేరాలి. అక్కడి నుంచి కొండ దారిలో ముప్పై కిలోమీటర్ల పైన బస్సు. సామాన్లు, కిట్లు, ఐస్‌బాక్సులు, మసాజ్ టేబుళ్లు వెంట రావాలి. ఆడేది సింథటిక్ టర్ఫ్ మీద కాబట్టి మామూలు గడ్డి మీద వాడే స్టడ్స్ పనికిరావు, వేరే బూట్లు కావాలి. వాతావరణం బాగోక విమానం రద్దయితే ఇంకో రాత్రి హోటల్, ముప్పై మందికీ మళ్లీ భోజనాలు, మళ్లీ టికెట్లు. తర్వాతి మ్యాచ్ శ్రీనగర్‌లో చలికి, ఆ తర్వాతిది కోజికోడ్‌లో ఉక్కపోతకి. ఐపీఎల్ జట్లకు టీవీ హక్కుల నుంచి వాటా వస్తుంది కాబట్టి ఇవన్నీ సర్దుకుపోతాయి. ఐ-లీగ్ క్లబ్‌కు ఆశ్రయం యజమాని జేబు ఒక్కటే. మ్యాచ్‌లు సరైన టీవీ ఛానల్లో, సరైన సమయానికి రాకపోతే ఏ స్పాన్సర్ వస్తాడు? ప్రసారాల గురించి క్లబ్బులు ఏటా మొత్తుకుంటున్నది అందుకే.

ఈ ఖర్చంతా భరించగలిగేది, పైకి వెళ్తామన్న నమ్మకం ఉన్నప్పుడే. 2023-24 సీజన్ ముగిసేసరికి పరిస్థితి ఇలా ఉంది. ఐఎస్ఎల్‌లో 12 జట్లలో 12వ స్థానం హైదరాబాద్ ఎఫ్‌సీది. ఐ-లీగ్‌లో రెండో స్థానం శ్రీనిధిది. ఒకే నగరంలో రెండు జట్లు. మొదటిది 2019లో మూతపడ్డ పుణె సిటీ స్థానంలో వచ్చింది, 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, ఆఖరి స్థానం. రెలిగేషన్ లేదు కాబట్టి పైనే ఉంది. విజేత ఒక్కరికే ప్రమోషన్ కాబట్టి ఆ ఏడాది శ్రీనిధి ఎలాగూ పైకి వెళ్లేది కాదు, అది నిజమే. కానీ కింద బాగా ఆడేవాళ్లకు ఏటా ఒక్క సందు, పైన ఎంత పడిపోయినా ఏ ప్రమాదమూ లేకపోవడం ఎక్కడి న్యాయం? హైదరాబాద్ ఎఫ్‌సీని 2024లో బి.సి.జిందాల్ గ్రూపు తీసుకుంది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలిలో పసుపు జెర్సీలు వేసుకుని అరిచిన కుర్రాళ్ల జట్టును, వాళ్లను అడగకుండానే తరలించారు. చోటు కొనుక్కునే వస్తువైతే, ఊరు మార్చుకునే వస్తువు కూడా అవుతుంది.

2023లో ఏఐఎఫ్ఎఫ్ మళ్లీ బిడ్లు పిలిచి ఐదు సంస్థలకు అనుమతి ఇచ్చింది. వారణాసి, పంజాబ్‌లోని భైణీ సాహిబ్, బెంగళూరు, ఢిల్లీ, అంబాలా. ఆ సీజన్‌లో మైదానంలోకి దిగినవి రెండే: వారణాసి జట్టు ఇంటర్ కాశీ, భైణీ సాహిబ్ జట్టు నామ్‌ధారి. మిగతా మూడూ రాలేదు. ఇంటర్ కాశీ 2024-25లో టైటిల్ కోసం చర్చిల్ బ్రదర్స్‌తో పోరాడింది మైదానంలో మాత్రమే కాదు. అర్హత లేని ఆటగాడిని ఆడించారన్న ఫిర్యాదు ఏఐఎఫ్ఎఫ్ కమిటీల చుట్టూ తిరిగి, స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2025 జులై 18న తీర్పు ఇంటర్ కాశీకి అనుకూలంగా వచ్చింది. రెండో అంచె జట్టు బడ్జెట్‌లో ఇప్పుడు అంతర్జాతీయ లాయర్ల ఫీజు కూడా రాసుకోవాలన్నమాట.

ఇదంతా జరుగుతుండగానే పై అంచె కూలింది. 2010 ఒప్పందం గడువు 2025 డిసెంబర్‌లో ముగియాలి. తర్వాత ఏమిటో తేలక నిర్వాహకులు జులైలోనే ఐఎస్ఎల్‌ను నిలిపేశారు. సుప్రీంకోర్టులో ఉన్న ఏఐఎఫ్ఎఫ్ నియమావళి ముసాయిదా ఆ కోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు తయారుచేసింది. జస్టిస్ పి.ఎస్.నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం దాన్ని కొన్ని మార్పులతో ఆమోదించింది. తర్వాత ఏఐఎఫ్ఎఫ్ 15 ఏళ్ల హక్కులకు టెండర్ పిలిచింది. ఏటా కనీసం 37.5 కోట్లు లేదా ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది కట్టాలని అడిగింది. నవంబర్ 7కు గడువు ముగిసింది. ఒక్క బిడ్డూ రాలేదు. ఆఖరికి కేంద్ర క్రీడా శాఖ కలగజేసుకున్నాక 2026 ఫిబ్రవరి 14న 14 జట్లతో, సగానికి కుదించిన ఐఎస్ఎల్ మొదలైంది. ఒక్కో క్లబ్ కట్టిన రుసుము కోటి రూపాయలు.

ఒకప్పుడు 10 కోట్లకు పైగా పలికిన పై లీగ్ చోటు కోటికి దిగింది. కింది లీగ్ పేరు ఇండియన్ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది, ఖర్చులు మాత్రం అలాగే ఉన్నాయి. లైసెన్స్ నిబంధనలు అవే, ఐజోల్ దారి అదే. ఐఎస్ఎల్ యజమానులు ఏం చెబుతున్నారో రోజూ వింటున్నాం: ఇన్నేళ్లు వందల కోట్లు పోగొట్టుకున్నాం, ఇప్పుడు దిగమంటే ఎలా అని. ఆ బాధ నిజమే. కానీ 2015లో డెంపో దిగిపోయినప్పుడు లేచిన ప్రశ్నకు, ఆట ఫలితం పెద్దదా బిడ్ కాగితం పెద్దదా అన్నదానికి, ఇంతవరకు జవాబు రాలేదు. శ్రీనిధి, గోకులం లాంటి క్లబ్బులకు న్యాయం జరగాలంటే కావాల్సినవి రెండే: నియమావళిలో రాసిన రెలిగేషన్ 2025-26 సీజన్ పట్టికకే వర్తించాలి, కొత్తవాళ్లు మూడో అంచె నుంచి ఆడుకుంటూ రావాలి తప్ప బిడ్ వేసి రాకూడదు. మొదటిది ఏఐఎఫ్ఎఫ్ కార్యవర్గం తేల్చాలి, లేదంటే వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టుకే వెళ్తుంది. రెండోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏఐఎఫ్ఎఫ్ ఇంకోసారి బిడ్లు పిలవకుండా ఉంటే చాలు.