తత్వశాస్త్రంలో పిహెచ్‌డి: ‘కొత్తగా ఏం కనిపెట్టారు?’ అనే ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది

తత్వశాస్త్రంలో పిహెచ్‌డికి చేరినవారు సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాయడానికి కూర్చోగానే ఒక చిక్కులో పడతారు. పరికల్పన ఏమిటి, డేటా ఎలా సేకరిస్తారు, ఏ పద్ధతి వాడతారు, ఫలితాలు ఎవరికి ఉపయోగం అని ఫారంలో గళ్లు ఉంటాయి. ‘ఇచ్చిన మాట ఎందుకు నిలబెట్టుకోవాలి?’ అన్నది వాళ్లు ఎంచుకున్న ప్రశ్న అనుకుందాం. దానికి డేటా ఎక్కడ దొరుకుతుంది? చదవాలి, ఆలోచించాలి, వాదించాలి, వాదం నిలబడకపోతే మళ్లీ మొదలుపెట్టాలి. ఈ పనులకు ఆ ఫారంలో గడి లేదు. పిహెచ్‌డి అంటే ‘డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీ’. తన పేరే పెట్టుకున్న పట్టాలో తత్వశాస్త్రానికి చోటు ఇంత ఇరుకుగా ఎలా మారింది?

లాటిన్‌లో ‘డాక్టర్’ అంటే బోధించేవాడు. మధ్యయుగంలో బొలోన్యా, పారిస్ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన పట్టా పాఠం చెప్పడానికి అనుమతి మాత్రమే. కొత్త విషయం కనిపెట్టమని ఎవరూ అడిగేవారు కాదు. ప్రామాణిక గ్రంథాలు క్షుణ్ణంగా తెలుసా, సభలో ఆక్షేపణలు వస్తే నిలబడి జవాబు చెప్పగలరా అని చూసేవారు. 1678లో ఇటలీలోని పాదువాలో ఎలెనా కోర్నారో పిస్కోపియా అనే విదుషికి జరిగిన పరీక్ష కూడా అలాంటిదే. అరిస్టాటిల్ గ్రంథాల నుంచి అప్పటికప్పుడు ఎంచి ఇచ్చిన భాగాలను ఆమె లాటిన్‌లో వ్యాఖ్యానించి డాక్టర్ పట్టా అందుకున్నారు. నిజానికి ఆమె కోరుకున్నది క్రైస్తవ మతశాస్త్రంలో పట్టా. స్త్రీకి అది ఇవ్వడం కుదరదని బిషప్ అడ్డుపడటంతో తత్వశాస్త్రం దగ్గర ఆగారు. మతశాస్త్రం, న్యాయం, వైద్యం పై విభాగాలైతే తత్వశాస్త్రం వాటికి కింది మెట్టుగా ఉండేది. ఆమెకు దొరికింది ఆ మెట్టే.

పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత వ్యాసాన్ని చాలాసార్లు ప్రొఫెసరే రాసేవారు. విద్యార్థి పని సభలో దాన్ని సమర్థించడం. జర్మన్ తత్వవేత్త కాంట్ 1755లో నిప్పు గురించి రాసిన వ్యాసంతో పట్టా పొందారు. ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు జీతం లేకుండా, విద్యార్థులు ఇచ్చే ఫీజుల మీద ఆధారపడి పాఠాలు చెప్పారు. కింది విభాగమైన తత్వశాస్త్రానికి ఎవరి ఆజ్ఞకూ లోబడకుండా సత్యాన్ని పరీక్షించే స్వేచ్ఛ ఉండాలని 1798లో ఆయనే వాదించారు.

అసలు మలుపు 1810లో వచ్చింది. ఆ ఏడాది మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం వెనుక ఉన్న విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ జ్ఞానాన్ని ఇంకా పూర్తిగా తేలని సమస్యగా చూశారు. గురువూ శిష్యుడూ కలిసి దాన్ని వెతకాలన్నది ఆయన ఊహ. ఇది చాలా గొప్ప ఊహ అని నేను నమ్ముతాను. కానీ ఆ వెతుకులాట ఎలా ఉండాలో నేర్పింది మాత్రం తత్వవేత్తలు కాదు. జర్మనీలోని హాలేలో 1787లో భాషా పండితుడు వోల్ఫ్ నెలకొల్పిన సెమినార్‌లో విద్యార్థులు ప్రాచీన గ్రంథాల ప్రతులను పోల్చి సరైన పాఠాన్ని తేల్చడం నేర్చుకున్నారు. గీసెన్‌లో 1824 నుంచి రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రయోగశాలలో పదార్థాలను విశ్లేషించడం నేర్చుకున్నారు. రసాయన శాస్త్రం, చరిత్ర, గణితం అప్పట్లో తత్వశాస్త్ర విభాగం కిందే ఉండేవి కాబట్టి అందరికీ ఒకటే పట్టా దక్కింది: డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీ. పట్టా పేరు తత్వశాస్త్రానిదే అయినా, అందులోని కొలత ప్రయోగశాలది, పాత ప్రతుల గదిది.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. రసాయన శాస్త్రంలో కొత్త సమ్మేళనం అంటే నిన్నటి వరకూ లేనిది, రేపు ఎవరైనా మళ్లీ చేసి చూడగలిగేది. తత్వశాస్త్రంలో ‘కొత్త’ అలా ఉండదు. రెండు వేల ఏళ్ల నాటి వాదంలో ఎవరూ గమనించని ఒక మెట్టును చూపడం కొత్తే. అందరూ ఒప్పుకున్న విభజన నిలబడదని చూపడం కూడా కొత్తే. కొన్నేళ్లు కష్టపడి, తన ప్రశ్నే తప్పుగా వేసుకున్నానని గ్రహించడం కూడా ఈ శాస్త్రంలో నిజమైన ఫలితం. దాన్ని మూడేళ్ల ప్రణాళికలో ముందే రాయమంటే ఎవరు మాత్రం రాయగలరు?

అమెరికాలో మొదటి పిహెచ్‌డిలు 1861లో యేల్ ఇచ్చింది, ముగ్గురికి. 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ జర్మన్ పద్ధతిని పూర్తిగా అందుకుంది. తర్వాత పేరుపొందిన తత్వవేత్త జాన్ డ్యూయీ 1884లో అక్కడే పట్టా తీసుకున్నారు. చూస్తుండగానే అది ఉద్యోగానికి తప్పనిసరి ముద్ర అయిపోయింది. దీన్ని గట్టిగా వ్యతిరేకించిన వ్యక్తి హార్వర్డ్ తత్వవేత్త విలియం జేమ్స్. ఆయనకు వైద్య పట్టా తప్ప పిహెచ్‌డి లేదు. హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చదివిన ఒక ప్రతిభావంతుడికి వేరే కాలేజీలో సాహిత్యం బోధించే ఉద్యోగం వచ్చిందని, పిహెచ్‌డి లేదని తెలియగానే అక్కడివారు కంగారుపడ్డారని ఆయన 1903లో రాశారు. తత్వశాస్త్రంలో పట్టాకు సాహిత్య బోధనతో సంబంధం లేదని చెప్పినా వాళ్లు వినలేదు. అదే హార్వర్డ్‌లో మేరీ విటన్ కాల్కిన్స్ 1895 నాటికి పిహెచ్‌డికి కావాల్సినవన్నీ పూర్తి చేశారు. జేమ్స్ సహా అధ్యాపకులు సిఫారసు చేసినా, స్త్రీ అన్న కారణంతో పట్టా ఇవ్వలేదు. 1918లో ఆమె అమెరికన్ తత్వశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలయ్యారు. పట్టా మాత్రం చివరి వరకూ రాలేదు.

బ్రిటన్ ఈ పట్టాను ఆలస్యంగా, 1917లో ఆక్స్‌ఫర్డ్‌తో మొదలుపెట్టింది. జర్మనీకి వెళ్తున్న అమెరికన్ విద్యార్థులను తనవైపు తిప్పుకోవాలన్నది ఒక కారణం. 1929లో తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ ఎనిమిదేళ్ల క్రితమే అచ్చయిన తన పుస్తకాన్ని కేంబ్రిడ్జ్‌లో థీసిస్‌గా సమర్పించారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు, గైడ్ ఫ్రాంక్ రామ్సేకి ఇరవై ఆరు. వైవా చేసింది ప్రముఖ తత్వవేత్తలు రస్సెల్, మూర్. ఇది మీకెప్పటికీ అర్థం కాదులెండి అని ఆయన వాళ్లనే ఓదార్చారని చెబుతారు. ఆ కథను నవ్వుకోవడానికి చెప్పుకుంటాం గానీ, ఒక మంచి పుస్తకం ఈ పట్టా కొలతలో ఇమడాలంటే ఎంత సర్దుబాటు కావాలో కూడా అందులో కనిపిస్తుంది. తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1946లో ఆక్స్‌ఫర్డ్‌లో రెండేళ్ల బి.ఫిల్. (బ్యాచిలర్ ఆఫ్ ఫిలాసఫీ) మొదలుపెట్టారు. అందులో విస్తృతంగా చదవడం, పరీక్షలు, చిన్న థీసిస్ ఉండేవి. ఒకే ఇరుకు అంశంలో ఏళ్ల తరబడి కూరుకుపోవడం కంటే తత్వవేత్తకు ఈ శిక్షణే మేలని నాకూ అనిపిస్తుంది. కానీ ఉద్యోగాల ప్రకటనలు పిహెచ్‌డినే అడగడం మొదలయ్యాక బి.ఫిల్. దానికి ముందు మెట్టుగా మారింది.

1963లో అమెరికన్ తత్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసం రాశారు. నిజమైన, తగిన ఆధారం ఉన్న నమ్మకమే జ్ఞానం అనే నిర్వచనానికి అందులో రెండు ప్రత్యుదాహరణలు ఇచ్చారు. జ్ఞానం గురించిన చర్చ ఆ తర్వాత మునుపటిలా లేదు. అంత చిన్న వ్యాసాన్ని ఏ విశ్వవిద్యాలయమూ థీసిస్‌గా తీసుకోదు. కొన్ని విభాగాలు ఇప్పుడు ఒకే పెద్ద గ్రంథానికి బదులు కొన్ని వ్యాసాలను కలిపి సమర్పించనిస్తున్నాయి. మిగతా చోట్ల పాత ఫారమే నడుస్తోంది. డేటా అన్న గడిలో తత్వశాస్త్ర విద్యార్థులు తాము చదవబోయే పుస్తకాల పేర్లు రాసి గైడ్ సంతకానికి పంపుతున్నారు.