జర్నలిజంలో పీజీ: కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా వినే అపోహలు

పన్నెండేళ్లు వార్తాపత్రిక డెస్క్‌లో (వార్తలు దిద్ది పేజీలకు ఎంచే చోట) పనిచేసి, ఆలస్యంగా పీజీ చేసి, ఇప్పుడు పీజీ విద్యార్థుల డిసర్టేషన్లు చూస్తున్నాను. ఏ బ్యాచ్ వచ్చినా ఇవే మాటలు. వీటిలో కొన్నిటిని ఒకప్పుడు నేనూ గట్టిగా నమ్మాను. వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి.

అపోహ: పీజీ చేస్తే వార్తలు రాయడం వస్తుంది.

కొంత వస్తుంది. కానీ దానికోసమే అయితే అన్నాళ్లు అక్కర్లేదు. ఇంట్రో (వార్త మొదటి పేరా) ఎలా ఎత్తుకోవాలో, కాపీని, అంటే రాసొచ్చిన వార్తని, ఎక్కడ కొయ్యాలో ఆరునెలలు డెస్క్‌లో చీవాట్లు తింటే వచ్చేస్తుంది. రిపోర్టర్ ఏం జరిగిందో తెలుసుకుంటాడు. పీజీ విద్యార్థి తేల్చుకోవాల్సింది అది వార్త ఎందుకయింది, దాని పక్కనే ఉన్న ఇంకోటి ఎందుకు కాలేదు అని.

1949లో అమెరికాలో డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు ఒక చిన్న నగరపు పత్రికలో వార్తా ఏజెన్సీలు పంపే కాపీ ఏరే ఎడిటర్ని ఒక సాయం అడిగాడు. వారం రోజులపాటు, వాడకుండా పక్కన పడేసిన ప్రతి వార్తనీ దాచిపెట్టి, డ్యూటీ అయ్యాక కూర్చుని దాని మీద ‘ఎందుకు పడేశానంటే’ అని రాసివ్వమన్నాడు. చూస్తే, వచ్చిన కాపీలో పదింట తొమ్మిది వంతులు బుట్టలోకే పోయింది. కారణాల్లో ‘చోటు లేదు’ ఉంది, ‘ప్రచారం’ ఉంది, ఆత్మహత్యల వార్తలు తనకు నచ్చవన్నదీ ఉంది. 1950లో అచ్చయిన ఆ వ్యాసంలో ఆ ఎడిటర్‌కి పెట్టిన మారుపేరు ‘మిస్టర్ గేట్స్’. గేట్ కీపింగ్, అంటే ఏ వార్త లోపలికి రావాలో ఏది ఆగాలో ఎలా తేలుతుందన్న పాఠం, మొదలయ్యేది అక్కడే.

అది చదివినప్పుడు నాకు నా పన్నెండేళ్లూ గుర్తొచ్చాయి. నేనూ రోజూ అంతే కాపీ పారేశాను. కారణం రాసివ్వమని ఎవరూ అడగలేదు, అడిగితే ఏం రాసేవాణ్ణో కూడా తెలీదు. అయితే కథ వైట్‌తో ఆగలేదు. 1956లో వాల్టర్ గీబర్ అలాంటి ఎడిటర్లనే 16 మందిని గమనించి, వాళ్లను నడిపేది సొంత ఇష్టాయిష్టాలకన్నా గడువు, కాపీ వచ్చిపడే తీరు, ఆఫీసు అలవాట్లు అన్నాడు. నా ఓటు గీబర్‌కే. పేజీ వదిలే టైము దగ్గరపడ్డాక నా అభిప్రాయాన్ని నేనే పట్టించుకునేవాణ్ణి కాదు.

అపోహ: ఇది నిన్నగాక మొన్న పుట్టిన సబ్జెక్టు.

వార్తాపత్రికల మీద జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో టోబియాస్ పోయ్‌సర్ సిద్ధాంత వ్యాసం సమర్పించింది 1690లో. అదే లైప్‌జిగ్‌లో పత్రికల అధ్యయనానికి ప్రత్యేక సంస్థ 1916లో వచ్చింది. ‘కొత్త సబ్జెక్టు, ఏం రాసినా చెల్లుతుంది’ అనుకుని వచ్చేవాళ్లకు ఈ రెండు సంవత్సరాలూ చెబితే చాలు.

అపోహ: మీడియా ఏం చెబితే జనం అది నమ్మేస్తారు. నేను నిరూపించబోయేది అదే.

ప్రతి బ్యాచ్‌లోనూ సగం సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) ఇలాగే మొదలవుతాయి. నిరూపించడానికని బయల్దేరితే అది పరిశోధన కాదు, ప్లీడరీ. సాక్ష్యంగా అందరూ తెచ్చేది 1938 అక్టోబరు 30న అమెరికాలో ప్రసారమైన ఆర్సన్ వెల్స్ రేడియో నాటకం. అంగారకుడి మీంచి దాడి జరుగుతోందని నమ్మి దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందని కథ. భయపడినవాళ్లు ఉన్న మాట నిజం. కానీ ఆ రాత్రి శ్రోతల లెక్క కోసం ఇళ్లకు ఫోన్లు చేసిన సంస్థకు ఆ కార్యక్రమం వింటున్నామని చెప్పింది నూటికి ఇద్దరే. దేశవ్యాప్త గగ్గోలు చాలావరకు మర్నాటి పత్రికల హెడ్డింగుల్లో జరిగింది. ప్రకటనల ఆదాయం రేడియోకి తరలిపోతున్న రోజులవి, పత్రికలకు ఆ కథ తియ్యగానే ఉండి ఉంటుంది.

ఇక 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే పరిశోధకుడి బృందం ఒహాయోలోని ఒకే కౌంటీలో 600 మందిని మే నుంచి నవంబరు దాకా మళ్లీ మళ్లీ కలిసింది. ప్రచారం దెబ్బకు ఒక పార్టీ వదిలి రెండో పార్టీకి మారినవాళ్లు నూటికి పదిమంది కూడా తేలలేదు. పత్రికా, రేడియోలకన్నా పక్కవాళ్ల మాటే ఎక్కువ పనిచేసినట్టు కనిపించింది.

మరి మీడియాకి బలమే లేదా? ఉంది, కాకపోతే మనం వెతికే చోట ఉండకపోవచ్చు. 1968 ఎన్నికలప్పుడు మెకూమ్స్, షా అనే పరిశోధకులిద్దరూ అమెరికాలోని చాపెల్ హిల్ అనే ఊళ్లో ఎవరికి వెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మంది ఓటర్లను ముఖ్యమైన సమస్యలేమిటని అడిగారు. వాళ్లు చెప్పిన వరుసా, మీడియా ఇచ్చిన ప్రాధాన్యపు వరుసా దాదాపు అచ్చుగుద్దినట్టు కుదిరాయి. ఏం అనుకోవాలో చెప్పలేకపోయినా, దేని గురించి అనుకోవాలో మీడియా చెప్పగలదన్నమాట. 1972లో అచ్చయిన ఈ వ్యాసమే ఎజెండా సెట్టింగ్ అనే సిద్ధాంతానికి మూలం. ‘మరి జనం పట్టించుకునేదే మీడియా ఇస్తోందేమో?’ అని మొన్న ఒకబ్బాయి అడిగాడు. నాకు చాలా సంతోషమేసింది. ఆ అనుమానం పరిశోధకులకూ వచ్చింది. అయ్యంగార్, కిండర్ బృందం 1980ల మొదట్లో టీవీ బులెటిన్లలో కొన్ని కథనాలు చొప్పించి, వారం రోజులు జనానికి చూపించి, ముఖ్యమైన సమస్యలేమిటని ముందూ వెనకా అడిగింది. చొప్పించిన సమస్యే వాళ్ల దృష్టిలో పైకెక్కింది.

ఇంకోటి. ‘జనం’ నమ్మేస్తారు అనేవాళ్లను ‘మరి నువ్వు?’ అని అడిగి చూడండి. ‘నేనా? నేను నమ్మను సార్.’ దీనికీ పేరుంది, థర్డ్ పర్సన్ ఎఫెక్ట్. ఫిలిప్స్ డేవిసన్ 1983లో దీని మీద వ్యాసం రాశాడు.

అపోహ: లెక్కలు రానివాళ్లు చేరే కోర్సు.

ఒక చిన్న సంగతి చెబుతాను. ఇద్దరు విద్యార్థులు 50 హెడ్డింగులు తీసుకుని, ఎవరికి వారు విడిగా ‘తటస్థం’, ‘ప్రతికూలం’ అని గుర్తులు పెట్టారు. 42 చోట్ల ఇద్దరి గుర్తూ ఒకటే. ‘84 శాతం సార్!’ అని సంబరంగా వచ్చారు. ఎన్నిటికి తటస్థం అని పెట్టారని అడిగాను. ఇద్దరూ చెరో 45. అంటే ఇద్దరూ హెడ్డింగులు చదవకుండా, అదే మోతాదులో కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా సగటున 41 చోట్ల కుదిరేది. వాళ్లు చదివి సాధించింది ఒక్క హెడ్డింగు. కాకతాళీయంగా కుదిరే ఆ 41 తీసేశాక 50లో మిగిలే తొమ్మిదింట్లో ఒకటి, అంటే 0.11. ఇలాంటి లెక్కకే వాడే క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా అనే కొలతలో 0.8 ఉంటే ధైర్యంగా మాట్లాడవచ్చు, 0.667 కన్నా తగ్గితే నోరు మూసుకోవడం మేలు.

తర్వాత తేడా వచ్చిన ఎనిమిదీ ముందేసుకుని కూర్చున్నాం. ఒకదాంట్లో ‘వివరణ ఇచ్చుకున్న మంత్రి’ అని ఉంది. అబ్బాయి తటస్థమన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. ‘వివరణ ఇచ్చారు అంటే సరే సార్. ఇచ్చుకున్నారు అంటే తప్పు చేసినవాడి వాలకం వచ్చేసింది కదా!’ నిజమే, డెస్క్‌లో ఆ ‘కు’ని మేం తెలిసే పెట్టేవాళ్లం. ఆ ఒక్క అక్షరం కోసం కోడ్ బుక్‌లో, అంటే ఏ గుర్తు ఎప్పుడు పెట్టాలో రాసుకున్న పుస్తకంలో, ఒక నియమం, రెండు ఉదాహరణలు చేరాయి. లెక్క చేసిన పని ఇంతే, భాషలో ఎక్కడ తడబడుతున్నామో వేలుపెట్టి చూపించింది. మిగతాది తెలుగే.

అపోహ: ఎంతమందితో సర్వే నింపిస్తే అంత గట్టి ఫలితం.

1936లో అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక కోటి దాకా కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుని, అధ్యక్షుడిగా లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్‌కి వెళ్లాయి. మాంద్యం రోజుల్లో ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాలు చూసి పంపడం ఒక తప్పు, కార్డు తిరిగి పంపే ఓపిక ఎవరికుంటుందో ఆలోచించకపోవడం ఇంకో తప్పు. వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం వదిలి ‘మూడొందలు వచ్చాయి సార్’ అనేవాళ్లకు ఈ కథ ఏటా చెబుతాను. విని తలూపుతారు. మర్నాడు మళ్లీ ఫారం వదులుతారు.

అపోహ: పీజీ ఉంటే ఉద్యోగం ఖాయం.

కాదు. పాఠాలు చెప్పాలన్నా, పీహెచ్‌డీకి వెళ్లాలన్నా ఇది కావాలి. పాఠకుల, ప్రేక్షకుల తీరు మీద పనిచేసే విభాగాల్లో, ఫ్యాక్ట్ చెకింగ్‌లో అక్కరకొస్తుంది. రిపోర్టింగ్‌లోకి తీసుకునేవాళ్లు మాత్రం ముందు మీరు రాసిన వార్తలు చూపించమంటారు.

అపోహ: ఇప్పుడు ఏఐ ఉంది, కోడింగ్ (ఇలా గుర్తులు పెట్టడం) అంతా అదే చేసేస్తుంది.

చేస్తుంది, లక్ష హెడ్డింగులైనా గబగబా చేస్తుంది. సరిగ్గా చేసిందని మీకెలా తెలుసు అని వైవాలో (మౌఖిక పరీక్షలో) అడుగుతారు. దానికి జవాబు చెప్పాలంటే అందులోంచి కొన్ని వందలు యాదృచ్ఛికంగా తీసి, మనుషులిద్దరు విడివిడిగా గుర్తులు పెట్టి, ముందు వాళ్లిద్దరికీ పొత్తు కుదిరిందో లేదో చూసి, తర్వాత యంత్రంతో పోల్చాలి. కాబట్టి నా దగ్గరికి వచ్చేటప్పుడు ఏ టూల్ వాడతారో తర్వాత చెప్పండి, ముందు కోడ్ బుక్ పట్టుకు రండి. అందులో ‘ఇచ్చుకున్నారు’ ఏ గడిలోకి వస్తుందో చూపించండి.